సమాధి మీద చెక్కిన అంకె

ఇంగ్లాండులో మాంచెస్టర్ దగ్గరి సేల్ ఊరి శ్మశానంలో జేమ్స్ జౌల్ సమాధిరాయి మీద 772.55 అని చెక్కి ఉంటుంది.

బీరు బట్టీ యజమాని కొడుకైన జౌల్, బరువులు కిందికి దిగుతుంటే నీళ్లలో తెడ్లు తిరిగేలా పరికరం కట్టాడు. చిలికిన నీళ్లు రవ్వంత వేడెక్కాయి. పౌను నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే ఉష్ణం (బీటీయూ) 772 పౌన్ల బరువు అడుగు దిగిన పనికి సమానమని 1850లో ప్రకటించాడు. తర్వాత ఆ లెక్క 778 దగ్గర స్థిరపడింది.

బ్రిటన్‌లో గ్యాసును మొదట ఘనపుటడుగుల్లో అమ్మేవారు. 1920 చట్టంతో బిల్లులోకి ‘థెర్మ్’ వచ్చింది: లక్ష బీటీయూలు. అప్పటిది బొగ్గు గ్యాసు. సహజవాయువు వచ్చాక కూడా చాలాకాలం బిల్లులో కొలత అదే ఉండేది.

అడుగు-పౌన్లలో థెర్మ్ అంటే సుమారు 7.78 కోట్లు. జేమ్స్ వాట్ తన గుర్రానికి కట్టిన లెక్క నిమిషానికి 33,000. అంటే ఒక్క థెర్మ్‌లో ఆ గుర్రం 39 గంటలకు పైగా చేసే పని దాగి ఉంది. అదంతా ఏ ఇంజనుకూ చిక్కదు, కొంత పొగతో పోతుంది.