‘మందు’ నిర్వచనం: క్రిమిసంహారకాల చట్టం - చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పాతబస్తీ కంచన్‌బాగ్ వంటి ప్రాంతంలో ఏ కిరాణా దుకాణానికి వెళ్లినా ఫినాయిల్, దోమల కాయిల్, ఎలుకల మందు దొరుకుతాయి. మూడూ హానికర జీవులను చంపడానికో, తరమడానికో ఉద్దేశించినవే. యూరోపియన్ సమాఖ్య చట్టం ఇటువంటి వాటన్నింటినీ ‘జీవనాశక ఉత్పత్తులు’ (బయోసైడ్లు) అంటుంది. భారతీయ చట్టంలో అటువంటి ఉమ్మడి వర్గం లేదు. ఈ విభజన ఎలా వచ్చింది, అది ఎవరిని రక్షిస్తుంది, ఎవరిని వదిలివేస్తుంది అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

2. చట్టం పుట్టుక

1958లో కేరళ, మద్రాసు రాష్ట్రాలలో పారాథియాన్‌తో కలుషితమైన ఆహారం తిని వందమందికి పైగా మరణించారు. రవాణాలో ఆహారపదార్థాలకు అంటిన విషమే ఇందుకు కారణం. అంటే ఆ విషాదం పొలంలో కాక వంటింట్లో జరిగింది. దాని పర్యవసానంగానే 1968లో క్రిమిసంహారకాల చట్టం, 1971లో దాని నియమావళి వచ్చాయి. పనితనాన్ని, మనుషులకూ పశువులకూ కలిగే భద్రతను పరిశీలించిన తరువాతే ఉత్పత్తిని నమోదు చేసే బాధ్యతను రిజిస్ట్రేషన్ కమిటీకి అప్పగించారు.

3. నిర్వచన స్వరూపం

ఈ చట్టం క్రిమిసంహారకాన్ని లక్షణంతో కాక జాబితాతో నిర్వచించింది. షెడ్యూలులో పేర్కొన్న పదార్థమే క్రిమిసంహారకం. అందువల్ల ఎలుకలను చంపే జింక్ ఫాస్ఫైడ్ కూడా చట్టం దృష్టిలో క్రిమిసంహారకమే. శిలీంద్రనాశకాలు, కలుపుమందులు సైతం ఈ పేరుకిందికే వస్తాయి. ఫినాయిల్ మాత్రం 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనాల చట్టం పరిధిలోనిది. దాని ప్రమాణాలు ఆ నియమావళిలోని ‘ఓ’ షెడ్యూలులో ఉన్నాయి. ఇందుకు భిన్నంగా యూరోపియన్ సమాఖ్య 528/2012 నిబంధన ప్రయోజనాన్ని గీటురాయిగా తీసుకొని, సస్యరక్షణ మందులను వేరుచేసి, జీవనాశకాలను 22 రకాలుగా వర్గీకరించింది.

4. చట్టం ఆగిన గడప

1968 చట్టంలోని 38వ సెక్షన్ కీలకమైనది. సొంత ఇంటి అవసరాలకు, పెరటితోటకు, తాను సాగుచేసే భూమికి క్రిమిసంహారకాన్ని వాడుకొనే వ్యక్తికి ఈ చట్టం వర్తించదు. తయారీ, అమ్మకాలు నియంత్రణలో ఉంటే, వాడకం గడప దగ్గర ఆగిపోయింది. వంటింటి విషాదం నుంచి పుట్టిన చట్టం వంటింటి వాడకాన్నే మినహాయించింది. ప్రతి ఇంటినీ తనిఖీ చేయడం అసాధ్యమన్నది నిజమే. కనుక గడప లోపల వినియోగదారుకు మిగిలే ప్రధాన రక్షణ ప్యాకెట్ మీది భాష.

ఆ భాషలో రెండు అంశాలున్నాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు విషతీవ్రతను అవరోహణ క్రమంలో సూచిస్తాయి. ప్యాకెట్‌తోపాటు ఇచ్చే కరపత్రంలో ప్రాంతీయ భాష ఉండాలని నియమావళి చెబుతుంది. కాని తెలుగులో రోగాన్ని మాన్పేదీ మందే, పురుగును చంపేదీ మందే. ‘పురుగుమందు’, ‘ఎలుకల మందు’ అన్న సమాసాలలో చంపే గుణం పూర్వపదం నుంచి ఊహించుకోవలసిందే. ఉత్తరపదం మాత్రం నమ్మకాన్నే కలిగిస్తుంది.

5. ముగింపు

నిర్వచనం బాధ్యతకు హద్దు గీస్తుంది. ఆ హద్దు అవతల ఉన్న వినియోగదారును చేరగలిగేది తెలుగు కరపత్రం ఒక్కటే. కాబట్టి దాని పదజాలం, వాక్యనిర్మాణం, సుబోధకత భాషాపరిశోధకులు పట్టించుకోవలసిన అంశాలు. ‘మందు’ పక్కన ‘విషం’ అన్న మాట స్పష్టంగా ఉందా లేదా అన్నది శైలికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్న కూడా.