కండోమ్ ఎవరి చేతిలో?

1968లో భారత ప్రభుత్వం ‘నిరోధ్’ను మార్కెట్లోకి తెచ్చింది. పదిహేను పైసలకు మూడు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే పెద్ద కంపెనీలే దాన్ని ఊళ్లలోని చిల్లర కొట్ల దాకా చేర్చాయి. కొనాల్సింది మగవాడు, వాడాల్సింది మగవాడు. మరి స్త్రీ? ఎర్ర త్రికోణం పక్కన ఇద్దరు పిల్లలతో నవ్వుతున్న తల్లి.

ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1975-77 మధ్య మగవాళ్లకు బలవంతంగా చేసిన వేసెక్టమీలపై జనం ఆగ్రహం 1977 ఎన్నికల్లో బయటపడింది. పాలకులు పాఠం నేర్చుకున్నారు. బలవంతం తప్పని కాదు, మగవాళ్ల జోలికి పోకూడదని. అప్పటినుంచి కుటుంబ నియంత్రణ భారమంతా ఆడవాళ్ల కడుపు మీదికి వచ్చింది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ అయినవాళ్లే. చాలామందికి అది పాతికేళ్లు నిండకముందే అయిపోయింది. కండోమ్ వాడుతున్న జంటలు నూటికి ఒకటి కూడా లేవు.

ఆపరేషన్ పిల్లలు పుట్టకుండా ఆపుతుంది. జబ్బు రాకుండా ఆపదు. 1986లో చెన్నైలో సెక్స్‌వర్కర్లలో హెచ్‌ఐవి బయటపడినప్పుడు వాళ్లనే ప్రమాదకరమైన వాళ్లుగా చూశారు. ఇల్లాలికి భయం లేదనుకున్నారు. 1993-96 మధ్య పుణె సుఖవ్యాధుల క్లినిక్కులలో జరిగిన అధ్యయనం ఆ నమ్మకాన్ని బద్దలు కొట్టింది. సెక్స్‌వర్క్‌తో సంబంధం లేని స్త్రీలలోనూ నూటికి 13 మందికి పైగా హెచ్‌ఐవి ఉంది. వాళ్లలో అత్యధికులకు భర్త తప్ప మరో పురుషుడు తెలియదు.

కండోమ్ కార్యక్రమం నిజంగా ఫలించిన చోటు ఏదీ? కలకత్తాలోని సోనాగాచి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా బృందం అక్కడ పని మొదలుపెట్టింది. ఆకుపచ్చ కోట్లు వేసుకుని ఇంటింటికీ తిరిగింది సెక్స్‌వర్కర్లే. 1995లో వాళ్లు దర్బార్ మహిళా సమన్వయ కమిటీగా సంఘటితమయ్యారు, ఉష పేరుతో సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. విటుడు కండోమ్ వద్దంటే పక్క గది అమ్మాయి కూడా వద్దంటుందన్న ధైర్యం వచ్చింది. ఒక పూట సంపాదన పోయినా అప్పు కోసం వడ్డీ వ్యాపారి కాళ్లు పట్టుకోనక్కర్లేదు. మొదట్లో నూటికి మూడుకు మించని కండోమ్ వాడకం దశాబ్దం చివరికి ఎనభై దాటింది. మార్చింది కరపత్రం కాదు, సంఘం.

ఇదే ధైర్యం కొత్తగా కాపురానికి వచ్చిన పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఎవరిచ్చారు? కండోమ్ అడిగితే భర్త మీద అనుమానమా అంటారు. తానే తెచ్చుకుంటే ఆమె మీదే అనుమానం. 2000ల మొదట్లో మన రోడ్ల మీద హోర్డింగులన్నీ పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని అడిగాయి. పులిరాజా భార్యకు వస్తుందా అని ఒక్కటీ అడగలేదు. స్త్రీలు తామే వాడుకునే కండోమ్‌కు అమెరికాలో 1993లోనే అనుమతి వచ్చినా, ఖరీదు వల్ల అది మామూలు ఇళ్ల దాకా రాలేదు.

2019-21 సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అయిన వివాహిత స్త్రీలు నూటికి దాదాపు 70 మంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, పద్దెనిమిదేళ్లు నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే దాన్ని అత్యాచారంగా లెక్కించదు. వద్దనే హక్కే లేని చోట ‘కండోమ్ వాడమని పట్టుబట్టండి’ అని అమ్మాయిలకు చెప్పడం ఆరోగ్య విద్య ఎలా అవుతుంది?