అడగకుండా కట్టిన గ్రంథాలయం

హైదరాబాదు కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లతో పాటు ఏళ్ల తరబడి అద్దె గదుల్లో ఉండిపోయేది రాసేవాళ్లు. కొందరి పేర్లు తెర మీద పడ్డాయి, చాలామందివి పడలేదు. నిర్మాత ఆఫీసులో కథ లైన్ చెప్పి వచ్చాక ఆ లైనే ఇంకెవరి సినిమాలోనో కనిపించిందని కుమిలిపోయిన మనిషి ఇక్కడ ఏ వీధిలో అడిగినా దొరుకుతాడు. అందుకే కథ పూర్తి కాగానే రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకుంటారు. స్క్రిప్టు పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపాల్సి వస్తే పదిసార్లు ఆలోచిస్తారు. నకలు తీయడం ఎంత సులువో, పోయిన కథను తిరిగి రాబట్టుకోవడం ఎంత కష్టమో ఈ పేటకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇలాంటి రాసేవాళ్లకు ఒకప్పుడు ఒక గ్రంథాలయం ఉండేది. దానికి గది లేదు, సభ్యత్వ రుసుము లేదు. పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అందులో చాలా పుస్తకాలను హక్కుదారులను అడగకుండానే తెచ్చి పెట్టారు. చివరికి అదే దాని ప్రాణం తీసింది. దొంగతనం అంటే ఏమిటో ఒళ్లంతా తెలిసిన మనుషులే ఆ గ్రంథాలయం పోయినందుకు ఎక్కువగా బాధపడ్డారు. ఈ రెండూ నిజమే కాబట్టి ఆ కథ చెప్పుకోవాలి.

ఆ కల కన్నది మనవాడే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పుచ్చుకుని, కృత్రిమ మేధ మీద చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకు మించిన గౌరవం లేదు. అంతటి మనిషి పెద్ద వయసులో పట్టుకున్న పని పుస్తకాలది. లోకంలోని పుస్తకాలన్నీ, అన్ని భాషలవీ, ఎవరైనా ఎక్కడి నుంచైనా ఉచితంగా చదువుకోగలగాలని ఆయన కోరిక. మొదటి మెట్టుగా పది లక్షల పుస్తకాలు అనుకున్నారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, భారత్, చైనా చేతులు కలిపాయి. అమెరికా సొమ్ముతో కొన్న స్కానర్లు ఇక్కడికి వచ్చాయి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ప్రొఫెసర్ ఎన్. బాలకృష్ణన్ ఇక్కడి పనిని ముందుకు నడిపారు. 2003 సెప్టెంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పోర్టల్‌ను ప్రారంభించారు.

తెలుగు పుస్తకాల పనికి పెద్ద కేంద్రం గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దాటి పడమటికి బస్సెక్కితే చేరే చోటు. గ్రంథాలయాల్లో బూజు పట్టిన బీరువాలు తెరిచారు. పైన కెమెరా ఉన్న స్కానర్ కింద పుస్తకం విప్పి పెట్టి, పేజీల బొమ్మలు తీశారు. వంకర పోయిన పేజీలు నిటారు చేసి, అంచులు కత్తిరించి, నలుపు తెలుపు బొమ్మలుగా భద్రపరిచారు. ప్రతి పుస్తకానికీ ఒక పొడుగాటి బార్‌కోడ్ నంబరు ఇచ్చారు. రోజంతా నిలబడి పేజీలు తిప్పిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. తెలుగు జాతి వాళ్లకు బాకీ పడి ఉంది.

లోపాలూ తక్కువ కాదు. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. ఒక రచయిత నాలుగు పేర్లతో కనిపించేవాడు. కొన్ని పుస్తకాల్లో మధ్య పేజీలు ఎగిరిపోయాయి. సైటు ఒక రోజు తెరుచుకుంటే మరో రోజు మొరాయించేది. అయినా చదివేవాళ్లు వదల్లేదు. బార్‌కోడ్ నంబర్లను ఒకరికొకరు పంపుకున్నారు. తెలుగు వికీపీడియాలో ఔత్సాహికులు కూర్చుని ఆ పుస్తకాల పేర్లను తెలుగులోకి మార్చి జాబితాలు కట్టారు.

సినిమా వాళ్లకు అది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. తెలుగు సినిమా నవలల మీద బతికిన కాలం ఒకటుంది. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి సులోచనారాణి 'మీనా', 'సెక్రటరీ'; యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష' తెర మీదికి నడిచొచ్చాయి. మద్రాసులో ఉన్నన్నాళ్లూ సినిమా రచయిత పక్కన అద్దె లైబ్రరీ ఉండేది. పరిశ్రమ హైదరాబాదుకు వచ్చేసరికి అద్దె లైబ్రరీలు మూతపడుతున్నాయి. పాత పుస్తకం కావాలంటే కోఠీ పేవ్‌మెంట్ మీద ఆదివారం వెతుక్కోవాల్సిందే. అలాంటి రోజుల్లో 1930ల నాటి నవల, కైఫియత్తు, హరికథ, యక్షగానం, వంట పుస్తకం, జైలు జ్ఞాపకం గదిలో కూర్చున్నచోటికే వచ్చాయి. నిజాం కాలం నాటి సన్నివేశంలో పాత్ర ఏ మాట మాట్లాడాలో, పెళ్లిలో ఏ పాట పాడాలో చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. 2015లో 'రుద్రమదేవి' సినిమా వచ్చి గోన గన్నారెడ్డి పేరు అందరి నోటా నానినప్పుడు, అడవి బాపిరాజు రాసిన 'గోన గన్నారెడ్డి' నవల చదవాలనుకున్న కుర్రవాడు డబ్బు పెట్టాల్సిన పనిలేదు. బాపిరాజు 1952లో పోయారు. ఆయన రచనల మీద కాపీరైటు 2012తో తీరిపోయింది. ఆ పుస్తకం ప్రజలది.

మన చట్టం రచయిత జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ హక్కు కాపాడుతుంది. 1957 చట్టంలో 50 ఏళ్లే ఉండేది. రవీంద్రుడి రచనల గడువు 1991తో ముగుస్తుండగా 1992లో 60కి పెంచారు. గురజాడ, వీరేశలింగం, ఉన్నవ ఇప్పుడు అందరి సొత్తు. విశ్వనాథ సత్యనారాయణ రచనలపై హక్కు 2036 చివరిదాకా, చలానివి 2039 దాకా, శ్రీశ్రీవి 2043 దాకా వారసులవి. లెక్క చాలా తేలిక. ఆ లెక్క వేసి గీత గీయాల్సిన చోట డిజిటల్ లైబ్రరీ గీయలేదు. గడువు తీరిన పుస్తకం పక్కనే 1960లు, 70ల నాటి నవలలు, కథా సంపుటాలు, పాఠ్యపుస్తకాలు అలాగే తెచ్చి పెట్టేశారు. గ్రంథాలయంలో ఉంది కనుక స్కాన్ చేశారు, స్కాన్ చేశారు కనుక అందరికీ తెరిచారు. రచయితకు ఉత్తరం లేదు, వారసులకు కబురు లేదు. తన పుస్తకం ఇంకా అచ్చులో ఉండి, ఏడాదికి కొన్ని వందలు రాయల్టీ వచ్చే రచయితకు అది చిన్న దెబ్బ కాదు. తెలుగులో పుస్తకం రాసి బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది. వాళ్ల దగ్గర తీసుకున్నది ఎంత మంచి పనికైనా, అడిగి తీసుకోవలసింది.

అడగడం తేలిక కాదన్నది నిజమే. కార్నెగీ మెలన్‌లోనే డెనిస్ ట్రోల్ కోవీ అనే లైబ్రేరియన్ ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాసి చూశారు. కొందరి చిరునామా దొరకలేదు, దొరికిన వాళ్లలోనూ కొందరు జవాబివ్వలేదు. తెలుగులో ఇంకా కష్టం. ప్రచురణ సంస్థలు మూతపడ్డాయి. ఒప్పందాలు నోటిమాటగా జరిగాయి. రచయిత వారసుల్లో ఒకరు డాలస్‌లో ఉంటే ఒకరు తెనాలిలో ఉంటారు, హక్కు ఎవరిదో ఇద్దరికీ తెలియదు. కానీ దారి లేకపోలేదు. 2008లో అమెరికా విశ్వవిద్యాలయాలు మొదలుపెట్టిన హాతీ ట్రస్ట్ కూడా లక్షల పుస్తకాలు స్కాన్ చేసింది. గడువు తీరినవాటిని తెరిచింది. తీరనివాటిలో ఏ మాట ఏ పేజీలో ఉందో మాత్రం చెప్పి, పేజీ చూపించడం ఆపింది. అది ఈనాటికీ నిలబడి ఉంది. మనం ఆ ఒక్క జాగ్రత్త పడి ఉంటే గచ్చిబౌలి సర్వర్లలో ఇప్పటికీ బాపిరాజు ఉండేవాడు.

డిజిటల్ లైబ్రరీ పతనం ఒక్క రోజులో జరగలేదు. సైట్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. పుస్తకం నొక్కితే ఖాళీ పేజీ వచ్చేది. కాపీరైటు ఉల్లంఘన ప్రశ్నలు ముదిరాయి. 2017 నాటికి తలుపులు మూసుకున్నాయి. మూసేటప్పుడు కూడా గీత గీయలేదు. హక్కులున్న పుస్తకాలతో పాటు వందేళ్ల నాటి పుస్తకాలూ చీకట్లోకి పోయాయి. నా దృష్టిలో అసలు విషాదం అది. హక్కులున్నవాటిని తీసేయడం న్యాయం. కానీ ఎవరి హక్కూ లేని పుస్తకాలను ప్రజల సొమ్ముతో స్కాన్ చేయించి, ఆ ప్రజలకే అందకుండా చేయమని ఏ చట్టమూ చెప్పలేదు. తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018లో జాతికి అంకితం చేశారు. అది ప్రధానంగా ఎక్కడెక్కడో ఉన్నవాటికి దారి చూపే సూచిక. పాత ఇంటి లోటు దాంతో తీరలేదు.

పూర్తిగా పోకుండా కాపాడింది ఒక నకలు. కార్ల్ మాలముద్ అనే అమెరికన్ ఆ సైట్లు నడుస్తున్నప్పుడే నాలుగున్నర లక్షలకు పైగా పుస్తకాలను దించుకుని, 2017లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. ఈరోజు ఎవరైనా పాత తెలుగు పుస్తకం అక్కడ చదివారంటే చాలావరకు అది గచ్చిబౌలిలోనో బెంగళూరులోనో స్కాన్ అయి, కాలిఫోర్నియాలో తలదాచుకున్నదే. ఆ గొడుగుకూ చిల్లులు పడ్డాయి. ఆర్కైవ్ పుస్తకాలను డిజిటల్‌గా అరువిచ్చే పద్ధతి మీద నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు 2020లో దావా వేశాయి. 2023లో తీర్పు ఆర్కైవ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. దాంతో 5 లక్షలకు పైగా పుస్తకాలను అరువు జాబితా నుంచి తీసేసింది. 5 లక్షలకు పైగా పుస్తకాలను అరువు జాబితా నుంచి తీసేసింది. మరుసటి నెలలో హ్యాకర్లు దాడి చేస్తే ఆ సైటు కొన్ని రోజులు తెరుచుకోలేదు. మన పాత పుస్తకాలకు ఆధారం ఆ ఒక్క గుమ్మమే అని ఆ రోజుల్లో తెలిసొచ్చింది.

మరోవైపు, హక్కులున్న పుస్తకాలను నకలు కాకుండా కాపాడగలిగామా అంటే అదీ లేదు. 2010లో హైదరాబాదులో మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకాలను అమ్మింది, అద్దెకిచ్చింది. కొన్నవాడు తప్ప ఇంకొకరు తెరవకుండా అడోబ్ సంస్థ డిజిటల్ తాళం వేసింది. తెలుగు రచయితకు డిజిటల్ రాయల్టీ అనే మాట పరిచయం చేసిన ప్రయత్నాల్లో అది ముందువరుసలోది. ఆ గౌరవం దానికి దక్కాలి. అయితే అలాంటి తాళం ఎంత బలహీనమో లోకానికి అప్పటికే తెలుసు. 2001 జులైలో దిమిత్రి స్క్లారోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ అడోబ్ ఈ-బుక్ తాళంలోని లోపాలను లాస్ వెగాస్ సదస్సులో వివరించి, అక్కడే అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది జ్యూరీ అతని కంపెనీని నిర్దోషిగా తేల్చింది. మన దగ్గర కాపీరైటు చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. టెలిగ్రామ్ గ్రూపుల్లో నవలల పీడీఎఫ్‌లు పంచేవాళ్లకు తాళంతో పనే లేదు. అచ్చుపుస్తకాన్ని ఫోన్ కెమెరాతో తీసి, పీడీఎఫ్ చేసి పంపేస్తారు. తాళం వల్ల ఇబ్బంది పడేది డబ్బిచ్చి కొన్న పాఠకుడే. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్నవాళ్ల పుస్తకాలన్నీ తెరుచుకోకుండా పోయాయి. డబ్బు తిరిగిచ్చారు, పుస్తకాలు మాత్రం తిరిగి రాలేదు.

తెలుగుకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చింది. అందులో తెలుగు లేదు. తమిళ రచయిత తన నవలను తానే అక్కడ పెట్టి అమ్ముకుంటుంటే, తెలుగు రచయిత పీడీఎఫ్‌ను నమ్ముకున్నాడు. కొనుక్కోవడానికి మంచి చోటు లేకపోతే, కొనాలనుకున్న పాఠకుడు కూడా టెలిగ్రామ్‌కే పోతాడు. దీన్ని సమర్థించడం లేదు. జరుగుతున్నది ఇదే.

రచయితలకు, వారి పిల్లలకు ఒక మాట. మీ నాన్నగారి, అమ్మమ్మగారి పుస్తకాల హక్కు ఎవరి పేరున ఉందో ఈ వారమే ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఉచితంగా చదువుకోనిస్తారో, అమ్మకానికే ఉంచుతారో అందులోనే చెప్పండి. అడిగేవాడికి అడగడానికి ఒక చిరునామా ఉండాలి. కృష్ణానగర్ కుర్రవాళ్లకు ఒక మాట. బతికున్న రచయిత నవల పీడీఎఫ్ మీ ఫోన్‌లోకి వస్తే ముందుకు పంపకండి, రేపు అలా తిరిగేది మీ స్క్రిప్టే కావచ్చు. ప్రభుత్వానికి ఒక విన్నపం. గడువు తీరిన తెలుగు పుస్తకాలను ఏరి, ఏ రచయిత ఏ సంవత్సరంలో పోయారో పక్కన రాసి, మన సర్వర్ల మీదే తిరిగి పెట్టండి. 'చివరకు మిగిలేది' రాసిన బుచ్చిబాబు 1967లో పోయారు. ఆయన నవల 2028 జనవరి 1న అందరిదీ అవుతుంది. ఆ నాటికైనా ఆ తలుపు తెరవండి.