చిత్రశాలను తీర్చు విద్య

చిత్రకారుడు చిత్రమును వ్రాయును, ప్రేక్షకుడు చూచును. ఈ యిరువురి నడుమ నిలిచి, ఏ చిత్రము గోడ కెక్కవలెనో, దేని ప్రక్కన ఏది యుండవలెనో నిర్ణయించు మూడవ వ్యక్తి యొకడు కలడు. ఆతనిని క్యూరేటరు అందురు. లాటిను భాషలో 'క్యూరా' యనగా సంరక్షణము. పూర్వము ఆతని పని పేరునకు తగినట్లే యుండెడిది: వస్తువులను పదిలపరచుట, పట్టికలు వ్రాయుట. నేడు ఆ పనిని విశ్వవిద్యాలయములు బోధించి పట్టము లిచ్చుచున్నవి. అభిరుచి పాఠము చెప్పిన వచ్చునా యను శంక సహజము. సమాధానమును ఈ విద్య చరిత్రలోనే వెదకవలెను.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 1921లో పాల్ సాక్స్ మ్యూజియము నిర్వహణపై ఒక తరగతిని ప్రారంభించెను. ఆతడు పేరుమోసిన బ్యాంకు వ్యాపారుల కుటుంబమున పుట్టి, ఆ వ్యాపారము విడిచి, విశ్వవిద్యాలయపు ఫాగ్ మ్యూజియములో సహాయ సంచాలకుడుగా చేరినవాడు. తరగతి తరచు ఆతని యింటనే జరిగెడిది. పుస్తకము చదివిన చాలదు, వస్తువును చేతబట్టి త్రిప్పి చూడవలె నన్నది ఆతని పద్ధతి. దాతలతోను, వర్తకులతోను వ్యవహరించు నేర్పు కూడ అచ్చట పాఠమే. 1948 వరకు సాగిన ఆ తరగతి నుండి వచ్చినవారు పెక్కు మ్యూజియములకు అధిపతులైరి.

అయితే, కాలపరీక్షకు నిలిచిన ప్రాచీన కృతులను ఎన్నుకొనుట వేరు. నిన్న వ్రాసిన చిత్రమును ఎన్నుకొనుట వేరు. 1929లో హార్వర్డు విద్యార్థులు ముగ్గురు సమకాలీన కళకై యొక సంఘమును స్థాపించి, పుస్తకముల దుకాణముపై రెండు గదులలో ప్రదర్శనలు జరిపిరి. వారికి సాక్స్ అండగా నిలిచెను. ఆ యేడే న్యూయార్కులో ఆధునిక కళా మ్యూజియమును నెలకొల్పువారికి ఆతడు తన పూర్వశిష్యుడు ఆల్‌ఫ్రెడ్ బార్ పేరు సూచించెను. బార్ వయస్సు అప్పటికి 27 ఏండ్లు. వాల్‌స్ట్రీటు వాటాల ధరలు కూలిన తొమ్మిది దినములకే, నవంబరు 7న, ఆ మ్యూజియము తలుపులు తెరచెను. చిత్రములను గోడనిండ పేర్చక, నడుమ చోటు విడిచి అమర్చిన బార్ పద్ధతి లోకమునకు మాదిరి యయ్యెను.

నలువదియేండ్లకు క్యూరేటరు స్థానము మరియొక మలుపు తిరిగెను. 1969లో స్విట్జర్లాండునందలి బెర్న్ నగరమున హెరాల్డ్ జీమన్ ఒక ప్రదర్శన నేర్పరచెను. కళాకారుడొకడు కరగిన సీసమును గోడమూల చిమ్మెను. మరియొకడు వెలుపలి కాలిబాటను ఇనుపగుండుతో పగులగొట్టించెను. పట్టణమున గగ్గోలు పుట్టెను. జీమన్ ఆ యేడే పదవి విడిచి స్వతంత్రుడయ్యెను. 1972లో జర్మనీలోని కాసెల్ నగరపు మహాప్రదర్శనను ఆతడే తీర్చినపుడు, డానియల్ బ్యూరెన్ అను కళాకారుడు ఒక ఆక్షేపణ చేసెను: ప్రదర్శనయే కళాకృతిగా చలామణి యగుచున్నది, మా కృతులు అందులో రంగులు మాత్రమే యగుచున్నవి, అని దాని సారము.

ఆ ఆక్షేపణ నేటికిని తీరలేదు. ఎన్నుకొనువానికి ఇంత అధికారము వచ్చినపుడు ఆతనికి శిక్షణ యుండవలదా? 1987లో ఫ్రాన్సునందలి గ్రెనోబుల్ కళాకేంద్రమున ఇందుకై ఒక పాఠశాల వెలసెను. 1992లో లండను రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, 1994లో అమెరికాలోని బార్డ్ కళాశాల పట్టపు తరగతులు పెట్టినవి. ఇట్టి తరగతులలో ప్రదర్శనల చరిత్ర, వ్యాసరచన, వ్యయపట్టిక, ఎరవు తెచ్చిన కృతుల భద్రత నేర్పుదురు. తుదకు విద్యార్థులు ఒక ప్రదర్శనను స్వయముగా నడిపింతురు.

మన దేశమున బరోడా విశ్వవిద్యాలయమునందు మ్యూజియము శాస్త్రశాఖ 1952లోనే ఏర్పడెను. అది ప్రధానముగా సంరక్షణ విద్య. సమకాలీన ప్రదర్శన విషయమున 2014లో కొచ్చిలో మొదలైన విద్యార్థుల బినాలే ముఖ్యమైనది. అందు యువ క్యూరేటర్లు దేశమందలి కళాశాలలకు పోయి విద్యార్థుల కృతులను ఎంచిరి.

కావున శంకకు సమాధాన మిది. అభిరుచిని ఒకరు మరియొకరికి ఈయజాలరు. కాని, ఎందు కెన్నితివని ప్రేక్షకుడును, ఏల విడిచితివని కళాకారుడును అడిగినపుడు కారణము చెప్పగల బాధ్యతను నేర్పవచ్చును. పాతకృతి మారుపలుకదు; సమకాలీన కళాకారుడు ఎదుటనే యుండి ప్రశ్నించును. ఈ విద్యకు ఆతడే తుది పరీక్షకుడు.