ప్రశ్నోత్తర మర్యాద: తిక్కన రచనల సాక్ష్యం

ఉపోద్ఘాతం

ఎవరు ఎవరిని ఏ మాటతో అడగవచ్చు, తెలిసినవారు ఎప్పుడు పలకాలి, అర్హత లేదనుకున్నచోట ఏం చేయాలి అనే నియమాలకు తెలుగు సాహిత్యంలో దీర్ఘ చరిత్ర ఉంది. 13వ శతాబ్దంలో విక్రమసింహపురిగా పేరొందిన నెల్లూరు ఆ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా, కవిగా ఉన్న తిక్కన రచనల ఆధారంగా ఈ మర్యాదను, అందులోని వైరుద్ధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అడిగే తీరు

నిర్వచనోత్తర రామాయణ అవతారికలో మనుమసిద్ధి కృతిని కోరిన పద్ధతి గమనించదగినది. ప్రభువు ఆజ్ఞాపించలేదు. తిక్కనను తాను ‘మామ’ అని పిలిచే వరుసను గుర్తుచేసి, దానికి తగినట్లు భారతీకన్యకను తనకిమ్మని అడిగాడు. మేనరికం పాటించే సమాజంలో ఆ కోరిక అల్లుని చనువు, మామకు గౌరవం. రాజాధికారం బంధుత్వపు మాటలో ఒదిగిపోయింది. తరువాత భారతాన్ని తిక్కన హరిహరనాథునికి అంకితమిచ్చాడు. ఆ అవతారికలో దైవం సైతం కలలో కనిపించి కృతిని కోరడం విశేషం.

చెప్పే తీరు

తిక్కన తెనిగించిన 15 పర్వాలలో శాంతి, ఆనుశాసనిక పర్వాలు ప్రధానంగా ప్రశ్నోత్తర రూపంలో సాగుతాయి. యుద్ధంలో బంధువధకు కారకుడైన ధర్మరాజు అంపశయ్యపై ఉన్న భీష్ముని సమీపించడానికి సిగ్గుపడి, భయపడతాడు. భీష్ముడు ముందుగా ఆ సంకోచాన్ని తొలగించి, నిర్భయంగా అడగమంటాడు. అడిగేవాని వినయం ఎంత అవసరమో, చెప్పేవాని అభయం అంత అవసరమని ఈ ఘట్టం సూచిస్తుంది.

మౌనం: దోషమా, మర్యాదా?

ఉద్యోగపర్వంలో రాయబారిగా వచ్చిన శ్రీకృష్ణుడు కురుసభను హెచ్చరిస్తాడు: ధర్మం అధర్మం చేత, సత్యం అసత్యం చేత చెడుతుండగా ఆపగలిగినవారు ఉపేక్షిస్తే ఆ కీడు వారికే తగులుతుంది. తెలిసి పలకకపోవడం ఇక్కడ దోషం. అదే పర్వంలో ధృతరాష్ట్రుడు ఇంకా చెప్పమని కోరినప్పుడు, తాను శూద్రయోనిలో పుట్టినందున అంతకు మించి చెప్పజాలనని విదురుడు ఆగి, సనత్సుజాతుని రప్పిస్తాడు. తగినవారిని చూపడం ఉత్తమ మర్యాదే. అయితే ఇక్కడ విదురుని ఆపినది అజ్ఞానం కాదు, పుట్టుక. పలకమని కోరే ధర్మమే కొందరి నోటికి హద్దు గీసింది.

చారిత్రక సందర్భం

ఈ విచారణ తిక్కనకు కేవలం గ్రంథస్థ విషయం కాకపోవచ్చు. అక్కన, బయ్యనలు మనుమసిద్ధిని రాజ్యం నుండి తొలగించగా, తిక్కన ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సహాయం కోరాడని కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అక్కడ ఆయన భారతార్థం వినిపించాడని, పరమతస్థులతో వాదించాడని కూడా ఆ గ్రంథం వర్ణిస్తుంది. ఇది తరువాతి కాలపు రచన కనుక ప్రతి వివరాన్నీ సమకాలీన సాక్ష్యంగా స్వీకరించలేము. అయినా ఒక రాజ్యపు భవితవ్యం మంత్రి అడిగే తీరుపై ఆధారపడిందన్న స్మృతిని అది నిలిపింది.

ముగింపు

తిక్కన రచనలలో ప్రశ్నకు వినయం, సమాధానానికి అభయం, ఆపదలో మాట్లాడే బాధ్యత ప్రమాణాలుగా కనిపిస్తాయి. వాటి పక్కనే జన్మను బట్టి వాక్కును పరిమితం చేసిన వ్యవస్థ కూడా నిలిచి ఉంది. మొదటి వాటిని మాత్రమే ఎత్తిచూపి రెండవదాన్ని విస్మరిస్తే ఈ మర్యాద చరిత్ర అసంపూర్ణమవుతుంది.