హైదరాబాద్‌కి భూకంపం వస్తుందా? లెక్క ఎలా వేస్తారు?

2024 డిసెంబర్ 4 ఉదయం 7:27కి ములుగు జిల్లా మేడారం వైపు 5.3 తీవ్రతతో భూమి కంపించింది. మన సిటీలోనూ చాలామందికి తెలిసింది. అప్పట్నుంచి అందరూ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, హైదరాబాద్ సేఫేనా?"

ముందు ఒక తప్పు లెక్క చూద్దాం. ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబ్ ఫక్రుల్ ముల్క్ ప్యాలెస్ ఉంది కదా. 1870 ప్రాంతంలో కట్టించాడు. 2019లో కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని ప్రభుత్వం నిర్ణయిస్తే హైకోర్టు ఆపింది. "నూటయాభై ఏళ్లుగా నిలబడింది, ఇక్కడ భూకంపాలు రావు" అంటారు కొందరు.

కిల్లారి సంగతి చూడండి. లాతూర్ దగ్గర, ఒకప్పటి నిజాం రాజ్యంలోని ఊరే. అప్పటి మ్యాప్‌లో అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 1లో ఉండేది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. ఆ ప్రాంతంలో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2002లో మ్యాప్ మార్చినప్పుడు జోన్ 1 అనేదే తీసేశారు.

మరి సరైన లెక్క ఏంటి? మన గోదావరి లోయనే తీసుకుందాం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. తర్వాత 2024లో మేడారం. మధ్యలో 55 ఏళ్లు. అంటే ఇంకోటి 2079లోనా? కాదండి, భూకంపానికి టైమ్‌టేబుల్ లేదు. పాయిసన్ పద్ధతిలో ప్రతి ఏడాదికీ ఒకే అవకాశం ఉందనుకుంటాం. సగటున 55 ఏళ్లకి ఒకటి అనుకుంటే, వచ్చే 30 ఏళ్లలో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 42 శాతం. కానీ రెండే రెండు ఘటనల మీద వేసిన లెక్క ఇది. అసలు సంఖ్య ఇందులో సగం ఉండొచ్చు, ఇంకా ఎక్కువా ఉండొచ్చు.

అందుకే శాస్త్రవేత్తలు చిన్న ప్రకంపనల్ని కూడా లెక్కపెడతారు. గూటెన్‌బర్గ్–రిక్టర్ సూత్రం ప్రకారం 5 తీవ్రతవి ఒకటి వచ్చే చోట 4 తీవ్రతవి సుమారు పది వస్తాయి. అంటే చిన్నవాటిని బట్టి పెద్దదాన్ని అంచనా వేయొచ్చు. 1983లో మేడ్చల్, 2020లో బోరబండ... ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ మొదలైందే 1961లో. మన దగ్గర మిషన్ల రికార్డు కొన్ని దశాబ్దాలది. మన కింద ఉన్న రాళ్ల వయసు రెండు వందల కోట్ల ఏళ్ల పైమాటే.

2002 మ్యాప్‌లో హైదరాబాద్ జోన్ 2. ప్రమాదం తక్కువ అని, అసలు లేదని కాదు. భూకంపం ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు, బిల్డింగ్ ఎలా ఉండాలన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. అమీర్‌పేట, పంజాగుట్టలో హాస్టల్ వెతుక్కునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వైఫై ఉందా అని అడిగేటప్పుడు కింద కూడా ఒకసారి చూడండి. గ్రౌండ్ ఫ్లోర్ అంతా పార్కింగే ఉండి, గోడల్లేకుండా సన్నటి పిల్లర్ల మీద ఐదంతస్తులు లేచాయా? పర్మిషన్ లేకుండా పైన ఇంకో అంతస్తు వేశారా? ఊగితే ముందు విరిగేవి ఆ పిల్లర్లే.

మీ బిల్డింగ్ ఎలా ఉందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.