ఆగమన కాలము: నిరీక్షణకు ఏర్పడిన నియమములు

క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములను ఆగమన కాలమని పాటించుట నేడు మనకెంత సహజముగా తోచినను, చెదరిపోవు జనమును ఒకచోటికి చేర్చవలెనని సంఘపు పెద్దలు పడిన ఆరాటమే దీని మూలమందు కానవచ్చును. 380లో స్పెయిను దేశపు సారగోసా నగరమున కూడిన బిషప్పుల సభ, డిసెంబరు 17 మొదలు ఎపిఫనీ పండుగ వరకు ఎవ్వరును దేవాలయమునకు రాక మానరాదనియు, ఇండ్లలో దాగుటయు కొండలకు పోవుటయు తగదనియు శాసించెను. ప్రిసిల్లియను అను తపోబోధకుని అనుచరుల ఏకాంత సాధనలపై గల అనుమానమే ఆ కట్టడికి ముఖ్యకారణము. ఐనను ఆ మూడు వారములు కలిసి గడపవలసినవను భావమునకు అదియొక తొలి సాక్ష్యము.

తరువాతి శతాబ్దమున గాల్ దేశమందు టూర్ నగర బిషప్పు పెర్పెట్యువసు, నవంబరు 11న వచ్చు మార్టిను భక్తుని పండుగనుండి క్రిస్మసు వరకు వారమునకు మూడు ఉపవాసములు విధించెను. పిమ్మట మాకోను నగరమున కూడిన సభ వానిని సోమ, బుధ, శుక్రవారములని నిర్ణయించెను. ఆకలి మనుష్యుని మేల్కొల్పునన్నమాట నిజమే గాని, మేల్కొన్నవాడు ఎవనికొరకు ఎదురుచూడవలెనో ఆ నిబంధనలలో అంతగా వినబడదు.

ఆ ఎదురుచూపునకు అర్థమును వెదకిన వారిలో రోము పోపు మొదటి గ్రెగొరీ ముఖ్యుడు. 589 చివర టైబరు నది పొంగి నగరమును ముంచగా, వెంటనంటి వచ్చిన మహామారి పోపు రెండవ పెలాజియసునే బలిగొన్నది. ఆ స్థానమునకు వచ్చిన గ్రెగొరీ, సూర్యచంద్రులయందు సూచనలు కలుగునన్న లూకా సువార్త భాగమును గైకొని, భయభ్రాంతులైన ప్రజలకు లోకాంతమును గూర్చియే ప్రసంగించెను. అలసిన శ్రోతలను తీపిమాటలతో ఓదార్చు సులభమార్గమును ఆయన త్రొక్కలేదు. రోములో మొదట ఐదుగానున్న ఆగమన ఆదివారములు క్రమముగా నాలుగైనవి. మిలాను సంఘమువారు నేటికిని ఆరింటిని ఆచరింతురు.

పండ్రెండవ శతాబ్దమున క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు చేసిన ఆగమన ప్రసంగములు నా దృష్టిలో ఈ చరిత్రకంతటికిని శిఖరప్రాయములు. క్రీస్తు రాకడలు రెండని అందరును ఎరుగుదురు: ఒకటి శరీరధారియై బలహీనతతో వచ్చినది, రెండవది మహిమతో రాబోవునది. వీనినడుమ మూడవదొకటి కలదనియు, అది కంటికి కానరాక విశ్వాసి అంతరంగమున జరుగుచుండుననియు, ఆ రెంటినడుమ ప్రయాణించువారికి అదియే విశ్రాంతియనియు బెర్నార్డు బోధించెను. జరిగిపోయినదాని స్మృతి మందగించి, జరుగబోవుదాని ఆశ సన్నగిల్లి, ప్రార్థన వట్టి అలవాటుగా మారినవానికి ఇంతకంటె సూటియైన మాట ఆ కాలపు గ్రంథములలో నాకు దొరకలేదు. దినదినము కీర్తనలు పాడుచు విసుగెత్తు సన్న్యాసుల మధ్య జీవించినవాడు గనుకనే ఆయనకీ మాట తట్టియుండును.

సంస్కరణయుగమును త్వరగా దాటవచ్చును. లూథరు అనుయాయులు ఈ కాలమును నిలుపుకొనిరి. ఇంగ్లండులో ప్యూరిటనుల పార్లమెంటు 1647లో క్రిస్మసు పండుగనే రద్దుచేసెను. 1839లో హాంబర్గు నగరమందు యోహాన్ హిన్రిఖ్ విఖెర్ను అను పాదిరి, తన ఆశ్రమమందలి నిరుపేద బాలురు పండుగ ఎప్పుడని మాటిమాటికి అడుగుచుండగా, బండిచక్రమొకటి తెచ్చి, ఆదివారములకు పెద్ద తెల్లని క్రొవ్వొత్తులను, తక్కిన దినములకు చిన్న ఎర్రనివానిని అమర్చి, దినమునకొకటి చొప్పున వెలిగింపజేసెను. సభలు శాసనములతో సాధింపజూచిన నిరీక్షణ ఆ పిల్లలకు లెక్కగా, వెలుగుగా అందెను. శతాబ్దము గడచిన పిమ్మట, 1943లో బెర్లిను టేగెల్ కారాగారమునుండి జర్మను పాదిరి డీట్రిఖ్ బోన్‌హోఫరు తన మిత్రునికి వ్రాయుచు, బయటినుండియే తెరువబడవలసిన తలుపు గల ఖైదుగదిని ఆగమన కాలముతో పోల్చెను.

1842లో లూథరను మిషనరీ హెయరు దొర గుంటూరు చేరినది మొదలు లూథరను సంఘములును, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమును, రోమను కథోలికులును ఈ ఆదివారములను తెలుగునాట పాటించుచునే యున్నారు. ఐనను డిసెంబరు పుట్టగానే ‘సెమీ క్రిస్మసు’ పేరిట కేకులు కోసి, బహుమతులు పంచి, అసలు పండుగనాటికి గాయకుల గొంతులు బొంగురుపోవునంతగా పాడుచున్న ఈ దినములలో, ఎదురుచూచుటకు మిగిలిన తీరిక స్వల్పము. ఆ వేడుకలను నేను తప్పుపట్టను. ఊరంతయు ఒక పందిరి క్రింద చేరుట సారగోసా పెద్దలు కోరినదే గదా. కాని గ్రెగొరీ ఎత్తుకొన్న సూర్యచంద్రుల సూచనల పాఠమును ఆ వేదికలపై చదువగా నేనింతవరకు వినలేదు.